మధ్య కన్ను కింద సంగటి

ఓవర్సీయరు గారు రావడానికి సరిగ్గా గంట ముందు యల్లయ్య తలగుడ్డ సున్నపు గానుగలో పడింది. ఎద్దు ఒక చుట్టు తిరిగింది. గానుగరాయి దాని మీదుగా ఒక్కసారే పోయింది. యల్లయ్య తలగుడ్డను పైకి తీసి, పిండి, రెండుసార్లు దులిపి, ఇంకొకటి లేదు కాబట్టి దాన్నే మళ్లీ చుట్టుకున్నాడు. కార్తీకం వెళ్లిన వారమే అయినా ఎండ ఎండే కదా. ఓవర్సీయరు గారి సైకిలు గట్టెక్కే వేళకు సున్నం పట్టేసింది.

పెద్దవాళ్ల ముందు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకోవడం ఆ రోజుల మర్యాద. యల్లయ్య రెండు చేతులతో పట్టి లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగితే కనుబొమలు పైకి లేచాయి గానీ గుడ్డ కదల్లేదు.

“ఏమయ్యా, తలనొప్పా?” అన్నాడు ఓవర్సీయరు.

“లేదయ్యా. సున్నం.”

ఓవర్సీయరు దగ్గరికి వచ్చి ఆ తలగుడ్డను వేలి కణుపుతో కొట్టి చూశాడు. కుండలా మోగింది. “సున్నం బాగానే పడుతోంది,” అని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ తర్వాత పుస్తకం మూసి, సైకిలెక్కబోతూ, మాటవరసకు చెప్పినట్టు ఒక మాట చెప్పాడు. పెద్ద ఇంజనీరు దొర మంగళవారం దోర్నాలకు మోటారులో పోతున్నాడట. వారధి చూస్తాడట. కాబట్టి సోమవారమే చట్రాలు దించేయాలట.

యల్లయ్య “అట్లేనయ్యా” అన్నాడు. ఆయన అన్నిటికీ అట్లాగే అంటాడు. ఆ రోజు గురువారం. ఆ మాటతో యల్లయ్యకు నాలుగు రోజుల భయం మొదలైంది. భార్య నాగేంద్రమ్మ వేడినీళ్లు పోసి పోసి తలగుడ్డ ఊడదీసింది గానీ, ఆ భయం మాత్రం ఆమె చేతికి అందలేదు. ఈ సంగతులన్నీ తర్వాత చెప్పింది కూడా ఆమే. యల్లయ్యను అడిగితే “ఏదో కట్టినాంలే” అనేవాడు.

అది మార్కాపురం నుంచి దోర్నాలకు పోయే దారిలో ఒక వాగు మీద కడుతున్న వారధి. మూడు కళ్లు. కన్ను అంటే నీళ్లు పోయే కమాను. రాళ్లను వంపుగా పేర్చేటప్పుడు అవి నిలవడానికి కింద కర్రచట్రం కడతారు. నడినెత్తిన ఆఖరి రాయి బిగించి, సున్నం గట్టిపడేదాకా ఆగి, చట్రం కింది చీలికకొయ్యలు ఒక్కొక్కటే కొట్టి తీసేస్తారు. అప్పటిదాకా కర్ర మోసిన బరువును అక్కడి నుంచి రాయి మోయాలి. మోస్తుందో లేదో ఆ పూటే తేలుతుంది.

ఈ పని మద్రాసులో మంజూరైంది. కర్నూల్లో ఒక పెద్ద గుత్తేదారు తీసుకున్నాడు. ఆయన ఈ వాగును పటంలో చూశాడు. ఆయన కింద గుత్త గిద్దలూరు గోవిందయ్యది. గోవిందయ్య వాగును రెండుసార్లు బండిలో కూర్చుని చూశాడు. గోవిందయ్య కింద గుత్త యల్లయ్యది. యల్లయ్య కింద వాగే ఉంది.

పూర్తిగా అట్లా అనడం కూడా న్యాయం కాదు. యల్లయ్య రాతిపని అంకన్నకు అప్పగించాడు. సున్నం, రాళ్లు మోసే పదకొండుమంది ఆడవాళ్ల మీద ఎలీషబాను మేస్త్రీగా పెట్టాడు. కానీ ఏదైనా జారితే పై నుంచి ఒక్కొక్కరే పక్కకు తప్పుకుంటారు, అది వచ్చి పడేది మాత్రం యల్లయ్య నెత్తినే.

నిజానికి ఆయనది గొర్రెల ఇల్లు. తండ్రీ తాతా మందలు తోలినవాళ్లే. ఎండాకాలం ఎవరి చేలో మంద కట్టాలో బేరం చేసుకుంటూ యల్లయ్య నలభై ఊళ్లు తిరిగాడు. ఏ ఊళ్లో ఎంతమంది పనికి ఖాళీగా ఉన్నారో ఆయనకు తెలిసినట్టు కరణానికి కూడా తెలియదు. పొదిలి సంతలో ఒకసారి గోవిందయ్య ఆయన్ని చూశాడు. కర్ర ఎత్తకుండా, అరవకుండా, మందను జనం మధ్య నుంచి నడిపించుకుపోతున్నాడు.

“గొర్రెలు నీ మాట ఇంతాండాయి. మనుషులు ఇనరా?” అని గోవిందయ్య అక్కడికక్కడే గుత్త ఇచ్చేశాడు.

మనుషులూ విన్నారు. ఒక్కటే చిక్కు. గొర్రెలు ఓవర్సీయరుకు భయపడవు, యల్లయ్య భయపడతాడు. ఓవర్సీయరుకే కాదు; తపాలా బండికి లేచి నిలబడేవాడు, ఫారెస్టు గార్డు టోపీ దండెం మీద ఆరుతుంటే దానికీ దండం పెట్టేవాడు. ఉరుము ఉరిమితే “అయ్యా” అని పలికేవాడని నాగేంద్రమ్మ చెప్పి నవ్వేది. అట్లాంటి మనిషికి వారధి గుత్త.

పైగా మా వైపు ఒక వాడుక ఉంది. చట్రం దించేటప్పుడు, కట్టించినవాడు ఆ కన్ను కింద కూర్చుని సంగటి తినాలి. పైన కొయ్యలు కొడుతుంటారు, కింద ఈయన ముద్ద మింగుతుండాలి. కూలే కమాను కింద ఎవడూ అన్నానికి కూర్చోడు కాబట్టి, కూర్చున్నాడంటే బాగా కట్టినట్టే. మూడు కళ్లకు మూడు ముద్దలు. యల్లయ్య ఇంతకుముందు రెండు చిన్న తూములకు అట్లా తిన్నాడు. తిన్న ప్రతిసారీ ఎక్కిళ్లు వచ్చాయి గానీ కమాను నిలిచింది.

శుక్రవారం పొద్దున అంకన్న వచ్చాడు. అక్క కూతురి పెళ్లికి కంభం పక్క పల్లెకు పోయి మూడు వారాలు ఉండిపోయి వచ్చాడు. పోయేనాటికి రెండు పక్క కళ్లూ పూర్తయ్యాయి. మధ్య కన్ను సగం లేచింది. “నేను వచ్చిందాక నడిమిది ముట్టుకోవద్దు మామా,” అని చెప్పి మరీ పోయాడు. కానీ అంకన్న అటు పోయాడో లేదో, నల్లమల మీద మబ్బు పట్టింది. వాగు వస్తే చట్రం కొట్టుకుపోతుంది. గోవిందయ్య దగ్గర నుంచి రోజుకొక కబురు. యల్లయ్య వానకు భయపడ్డాడు, గోవిందయ్యకు భయపడ్డాడు, ఆఖరికి అంకన్న మాటకు భయపడటం మరిచిపోయాడు. నాగేంద్రమ్మ పుట్టింటివైపు పలకగనుల్లో పనిచేసే బంధువులను నలుగురిని పిలిపించి, ఆఖరి రాయి దాకా పేర్పించి మధ్య కన్ను మూయించేశాడు.

అంకన్న అరిసెల మూట చేత్తో పట్టుకునే వాగులోకి దిగి, మధ్య కన్ను కిందికి పోయి, తలెత్తి చూశాడు.

“మామా, ఈ నీలంగా కనపడేదేంది?”

“పలకరా. రాళ్ల మధ్య సందులొచ్చినాయి. ముక్కలు పెట్టి బిగ్గొట్టినాం.” యల్లయ్య కొంచెం గర్వంగానే చెప్పాడు. “చూడు, గడ్డిపోచ గూడా దూరదు.”

అది ఆ పక్క మనుషులు మాత్రమే చేయగల పని. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి లేని చోటు లేదు. గొర్రెలదొడ్డి గోడ సందుల్లో పలక, ఊగే మంచం కోడు కింద పలక, రోలు కదిలితే పలక, పొయ్యిరాయి వంగితే పలక. సందు కనబడితే చేయి దానంతటదే పలకముక్క కోసం వెతుకుతుంది. ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే పనే కాదు.

అంకన్న మూట కింద పెట్టాడు. అరిసెలు యల్లయ్య కోసం తెచ్చినవే, కానీ ఇవ్వలేదు. ఇసుకలో కూర్చున్నాడు.

“పడుకోబెట్టినారా, నిలబెట్టినారా?”

“ఏందిరా?”

“పలకనే మామా. పొరలు పొరలుగా ఉంటది గదా. పడుకోబెట్టి పైన బరువు పెడితే మోస్తది. నిలబెట్టి పెడితే పొర ఇడిపోతది. ఎన్ని పండుకున్నాయి, ఎన్ని నిలబడినాయి?”

యల్లయ్య కమాను వైపు చూశాడు. నీలి అంచులు సున్నంలో కూరుకుపోయి ఉన్నాయి. పైకి అన్నీ ఒకటిగానే కనబడుతున్నాయి.

“దూరిన కాడికి దూర్చినాం,” అన్నాడు.

“అయితే మనకు తెల్వదు.”

“నిలుస్తదా, నిలవదా? అది చెప్పరా.”

“నిలిస్తే నిలుస్తది.”

“నిలవకపోతే?”

అంకన్న కమాను కింద సంగటికి కూర్చునే చోటు ఎంత ఉందో చూశాడు. యల్లయ్య కూడా అటే చూశాడు. ఇద్దరూ ఒకే చోటును చూస్తున్నారని ఇద్దరికీ తెలిసింది.

“ఓవర్సీయరుకు చెప్పు మామా. ఇప్పి మళ్లా కట్టుకుందాం. నెల పడతది, అంతేగా.”

“దొర వచ్చే ముందురోజు వారధి ఇప్పుతానని నేను చెప్పేదా? ఆయన ముందర నాకు పేరు గూడా సక్కంగా రాదు. పొయినసారి మా నాయన పేరు చెప్పినా.”

“మరి గోవిందయ్యకన్నా చెప్పు.”

“ఆయన ఇంకా అరుస్తాడు. నువ్వు చెప్పరాదా?”

“నేనేంది చెప్పేది, నేను ఊళ్లోనే లేను. గుత్త నీది,” అని అంకన్న అరిసెల మూట తీసుకుని లేచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి, మూట యల్లయ్య ఒళ్లో పెట్టి పోయాడు. అది చూసి యల్లయ్యకు మరింత భయం వేసింది. ఇక మళ్లీ కనబడడనుకున్న మనిషికి ఇచ్చినట్టు ఇచ్చాడు.

శనివారం యల్లయ్య పనికి పోలేదు. పెరట్లో రోలు కింద పలకముక్కలు పెట్టి చూశాడు. పడుకోబెట్టినవి మూడు, నిలబెట్టినవి మూడు. పైన రోలు, రోలు మీద పెద్ద బండ. ఏమీ కాలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఒక గంట గడిచినా ఏమీ కాలేదు. ప్రాణం కొంచెం కుదుటపడింది. అన్నం పెట్టమన్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, పెరట్లో ‘టప్’మంది.

“ఏం పగలగొట్టినావయ్యా?” అంది నాగేంద్రమ్మ.

యల్లయ్య ముద్ద మింగలేదు, ఉమ్మలేదు. అట్లాగే కూర్చున్నాడు. కొంతసేపటికి ఇంకొక ‘టప్’. మూడోది తినడం మానేసి చేయి కడుక్కున్న తర్వాత మోగింది.

కూలితే వెంటనే కూలుతుందని, ఒక్క ముద్ద కాలం ఊపిరి బిగబట్టి కూర్చుంటే గండం గడిచిపోతుందని ఆయన అంతవరకూ ఒక లెక్కలో ఉన్నాడు. పలక అట్లా చేయదు. ఆలోచించుకుని, ఆలోచించుకుని, తనకు తోచినప్పుడు విడిపోతుంది. ముద్ద తిని లేచి వచ్చేయవచ్చు. ఎక్కిళ్లు కూడా రాకపోవచ్చు. ఆ తర్వాత శివరాత్రికి శ్రీశైలం పోయే బండ్లు ఆ వారధి మీదే వరసగా పోతాయి. ఒక్కో బండిలో ఏడుగురు, ఎనిమిది మంది, ముసలమ్మలు, చంటిపిల్లలు. కింద నుంచి నీళ్లు తాగి ఎక్కే ఎద్దులు. ఆ బండ్లను ఆయన కళ్లు మూసుకోకపోయినా చూశాడు. ఒక బండిలో తన అక్క మస్తానమ్మ కూడా కనబడింది. ఆమె నిజంగానే ఆ ఏడు మొక్కు ఉందని చెప్పింది.

“జ్వరమా?” అని నాగేంద్రమ్మ నుదురు పట్టి చూసింది. నుదురు చల్లగా ఉంది. చల్లగా ఉండటమే ఆమెకు నచ్చలేదు.

“సోమవారానికి సంగటి కొంచెమే చెయ్,” అన్నాడు.

“ఎందుకు?”

“తొందరగా అయిపోవాల.”

“మూడు కళ్లకు మూడు ముద్దలు. ఒకటి తగ్గిస్తే నలుగురూ ఏమంటారు? నడిమి కన్నుకు పెట్టలేదంటారు.”

సరిగ్గా ఆ కన్నే ఆమె నోట రావడం విని యల్లయ్య బయటికి పోయి దొడ్లో గొర్రెల మధ్య కూర్చున్నాడు. అవి ఏమీ అడగవు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం వాగుకు పోయాడు. పని లేదు, మనిషి లేడు. మధ్య కన్ను కింద నిలబడి చట్రం దూలానికి చెవి ఆనించాడు. లోపల ఎక్కడో ‘టిక్’మంది. చూస్తే బల్లి. మళ్లీ చెవి పెట్టాడు. ఈసారి అది బల్లి కాదు, తన పళ్లే.

“ఏందన్నా, వారధికి జ్వరమొచ్చిందా, చెవి పెట్టి చూస్తాండావు?”

ఎలీషబా. మందిరంలో ప్రార్థన అయిపోయి, తెల్లచీరతో అటుగా ఇంటికి పోతోంది. ఆమెకు యాభై దాటాయి. ఎనిమిదేళ్లుగా యల్లయ్య ఎక్కడ గుత్త పట్టినా ఆమె బలగం అక్కడే. ఓవర్సీయరు దగ్గర యల్లయ్యకు మాట తడబడితే పక్క నుంచి అందించేది ఆమే.

“ఏం లేదు ఎలీషబా,” అన్నాడు. ఆ తర్వాత చట్రానికి వేలాడుతున్న పాతచీర ఉయ్యాల చూశాడు. పనిరోజుల్లో ఎవరో ఒకరి పసిబిడ్డ అందులో పడుకుంటుంది. “ఆ ఉయ్యాల తీసేయండి.”

“ఎందుకు?”

“చట్రం దించుతాం గదా.”

“దించినాక ఇంకేదన్నా రాయికి కడతాం. ఈ వాగులో నీడ ఇదొక్కటే గదన్నా. ఇంత సల్లని నీడ కట్టించినావు, పది కాలాలు ఉంటదిలే.”

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. ఆమె రెండు నిమిషాలు ఎదురుచూసి, ఆయన నోరు మూసుకున్నాక, “రేపు ఎక్కిళ్లు రాకుండా నీళ్లు పెట్టుకో,” అని నవ్వి పోయింది.

సోమవారం అందరూ వచ్చారు. ఓవర్సీయరు సైకిలు మీద, గోవిందయ్య ఇస్త్రీ ఉత్తరీయంతో గిద్దలూరు నుంచి బండి మీద. వాగునీళ్లను మట్టికట్ట వేసి పక్క పాయలోకి మళ్లించి ఉన్నారు కాబట్టి కళ్ల కింద ఇసుక పొడిగానే ఉంది. నాగేంద్రమ్మ రాగిసంగటి, గోంగూర పచ్చడి గిన్నెల్లో సర్ది పంపింది. మూడు ముద్దలు, ఒక్కటీ చిన్నది కాదు.

“కంట్రాక్టరు కూర్చోవాలట కదా,” అన్నాడు ఓవర్సీయరు. ఈ వాడుక గురించి విని ఆయనకు సరదాగా ఉంది. “కర్నూలు నుంచి ఎవరొచ్చారు?”

“ఆయన తరఫున నేనే,” అన్నాడు గోవిందయ్య.

“అయితే కూర్చోండి.”

“నా తరఫున యల్లయ్య.”

ఓవర్సీయరు నవ్వి యల్లయ్య వైపు తిరిగాడు. “నీ తరఫున ఎవరయ్యా?”

యల్లయ్య అటూ ఇటూ చూశాడు. అంకన్న సుత్తి పిడి పరీక్షించుకుంటున్నాడు.

“నా తరఫున నేనేనయ్యా,” అన్నాడు యల్లయ్య. ఆ ఒక్క మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

మొదటి కన్ను కింద కూర్చున్నాడు. అంకన్న, ఇంకో ఇద్దరూ చీలికకొయ్యలు కొట్టారు. చట్రం ఒక అంగుళం దిగింది. రాయికీ కర్రకీ మధ్య వెలుతురు గీత కనబడింది. కొంచెం సున్నపు పొడి పచ్చడిలో రాలింది. యల్లయ్య ముద్ద మింగాడు. కమాను నిలిచింది. ఆడవాళ్లు కేకలు వేశారు. మూడో కన్నూ అంతే. అక్కడ ముద్ద సగమే తిన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

మధ్య కన్ను మిగిలింది.

గిన్నె పట్టుకుని దాని కిందికి నడిచాడు. నాలుగు రోజులుగా ఈ నడక ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదు కాబట్టి కాళ్లు వాటంతటవే పోయాయి. కూర్చున్నాడు. పైకి చూడకూడదనుకుని చూశాడు. నీలి అంచులు. ఆయన మనసులో అప్పటికి ఒకటి తేల్చుకుని ఉన్నాడు: కూలితే తన మీదే కూలుతుంది, ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. భయస్తుడికి కొన్నిసార్లు చావుకన్నా ఓవర్సీయరే పెద్దగా కనబడతాడు.

అంకన్న సుత్తి ఎత్తాడు. యల్లయ్య కళ్లలోకి ఒకసారి చూసి, మొదటి కొయ్య మీద మెల్లగా, నిద్రపోయేవాణ్ని తట్టినట్టు కొట్టాడు.

అప్పుడే ఎలీషబా తన బలగాన్ని తీసుకుని లోపలికి వచ్చింది. పదకొండుమందీ సద్దిగిన్నెలతో వచ్చారు. వాళ్లలో అందరికన్నా చిన్నది ప్రేమకుమారి చంకలో పసిపిల్లతో వచ్చింది.

“రెండు కళ్ల కాడ ఒక్కడివే తిన్నావన్నా. ఈ నడిమిదానికి సున్నమంతా మోసింది మేమే. ఇక్కడ అందరం తింటాం,” అంటూ ఎలీషబా ఆయన పక్కనే చతికిలబడింది. “జరగండే, దూరంగా కూర్చుంటే యల్లన్నకు బెదురు. దగ్గరికి రాండి.”

వాళ్లు దగ్గరికి వచ్చారు. గిన్నెలు తెరిచారు. పసిపిల్ల యల్లయ్య సంగటి మీదికి చేయి చాపింది.

పైన ఎక్కడో ‘టప్’మంది.

చిన్న చప్పుడు. శనివారం పెరట్లో విన్నదే. దాని వెనకనే చిటికెన వేలంత నీలిరేకు ఒకటి గాలిలో తిరుగుతూ దిగి, సంగటి ముద్దలో నిలువుగా గుచ్చుకుంది. పసిపిల్ల దాన్ని చూసి నవ్వింది.

“కొట్టొద్దు!” అని యల్లయ్య అరిచాడు. ఆ గొంతు ఆయనదని ఎవరూ అనుకోలేదు. మందను ఒక్కసారి కూడా అదిలించని మనిషి. “అంకన్నా, కొట్టొద్దు! బయటికి పోండి! అందరూ పోండి!”

అంకన్న ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు సుత్తి తిరగేసి, వదులైన కొయ్యను ఒక్క దెబ్బతో మళ్లీ లోపలికి దిగ్గొట్టాడు. ఆడవాళ్లు గిన్నెలు వదిలేసి పరుగెత్తారు. అందరూ బయటపడ్డాక చూస్తే యల్లయ్య ఒక్కడే లోపల కూర్చుని ఉన్నాడు. కాళ్లు లేవడం లేదు. ఎలీషబా వెనక్కి పోయి, రెండు చంకల కిందా చేతులేసి, సున్నపు బస్తాను ఈడ్చినట్టు ఇసుకలో ఈడ్చుకొచ్చింది. పంచె సగం లోపలే ఉండిపోయింది. ఆయనకు తెలియలేదు.

“ఏమిటిది?” అన్నాడు ఓవర్సీయరు.

యల్లయ్య కూర్చున్నచోటి నుంచే చెప్పాడు. “పలక పెట్టినానయ్యా. నిలబెట్టి పెట్టినా. ఎన్నో తెల్వదు.”

“ఈనికి బెదురెక్కువయ్యా, ఏందేందో మాట్లాడతాండాడు,” అని గోవిందయ్య అడ్డం వచ్చాడు. మొహం ఎర్రబడింది. “రేపు దొర వస్తాండాడు. ఒక రేకు రాలితే వారధి కూలతదా? అంకన్నా, కొట్టరా కొయ్యలు. నేను చెప్తాండా.”

అంకన్న సుత్తి ఇసుకలో పెట్టి దాని మీద కూర్చున్నాడు.

“కొట్టిస్తాంలే గోవిందన్నా,” అంది ఎలీషబా. ఆమె ఇంకా రొప్పుతోంది. “పోయి కూర్చో. ముద్ద అట్లనే ఉంది. ఎంగిలి గూడా కాలేదు.”

గోవిందయ్య మధ్య కన్ను వైపు చూశాడు. లోపల నీడలో పదకొండు గిన్నెలు, సగం పంచె, నీలిరేకు గుచ్చుకున్న ఒక సంగటి ముద్ద. ఆయన ఉత్తరీయం భుజం మీద సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. కాళ్లు మాత్రం కదల్లేదు. ఆయన ఎంతసేపు అట్లా నిలబడితే ఓవర్సీయరుకు అంత బాగా అర్థమైంది. పుస్తకం తీసి, చాలాసేపు పెన్సిలు పట్టుకుని, ఆఖరికి ‘మధ్య కమాను విప్పి తిరిగి కట్టవలెను’ అని రాశాడు.

ఆ సాయంత్రం నుంచే పై రాళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు. ముప్పైఒక్క పలకముక్కలు దొరికాయి. పడుకున్నవి పన్నెండు, నిలబడ్డవి పంతొమ్మిది. ఆ పంతొమ్మిదిలో పద్నాలుగు, వేలు తగిలితే పొరలు పొరలుగా చేతిలోకి వచ్చేశాయి. అంకన్న వాటిని వరసగా ఇసుకలో పరిచాడు. యల్లయ్య ఒక్కసారి చూసి దూరంగా పోయాడు. భయం తీరిపోతుందనుకున్నాడు గానీ, గండం ఎంత దగ్గరికి వచ్చి పోయిందో చూశాక ఆ భయమే ఇంకా ఎక్కువైంది. ఆ ముక్కల మీది నుంచి పోవాల్సిన బండ్లన్నీ మళ్లీ ఆయన కళ్ల ముందు వరసగా పోయాయి. ఈసారి ఒక్కటీ పడలేదు.

మంగళవారం పెద్ద ఇంజనీరు దొర మోటారు వచ్చింది. వారధి లేదు కాబట్టి పక్క పాయలో దిగింది. పాయ నడిమికి వచ్చి ఆగిపోయింది. చక్రాలు ఇసుకలో తిరుగుతున్నాయి, నీళ్లు చిమ్ముతున్నాయి, బండి కదలడం లేదు. దొర కొంతసేపు లోపలే కూర్చున్నాడు. ఆ తర్వాత బూట్లతోనే దిగి నడిచాడు. చల్లటి నీళ్లు. ఎలీషబా బలగమే వెనక నుంచి మోటారును తోసింది. దొర గట్టెక్కి, రెండు కళ్లు నిలిచి మధ్యది విప్పి ఉన్న వారధిని చూశాడు, ఇసుకలో వరసగా పరిచిన పలకముక్కలను చూశాడు, ఓవర్సీయరుతో ఇంగ్లీషులో ఏదో పొట్టిమాట ఒకటి చెప్పి మోటారెక్కి పోయాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఓవర్సీయరు ఎవరికీ చెప్పలేదు.

మోటారు దుమ్ము కనుమరుగయ్యేదాకా ఆగి, ఆయన యల్లయ్య మీదికి వచ్చాడు. మొహం నల్లబడి ఉంది.

“చూశావా నీ నిర్వాకం! అంతటి దొర, నీ మూలంగా మోకాళ్ల దాకా వాగులో తడిశాడయ్యా! నేనేమని సమాధానం చెప్పుకోవాలి?”

యల్లయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“మోకాళ్లే గదయ్యా, ఆరతాయి,” అన్నాడు.